నాకు రాని పసిరికలు

ఈ మధ్య నా చేతికి 'శ్రీ' మళ్లీ కుదురుతోంది. స్టీలు బిందె మెడ మీద 'శ్రీ' కొట్టడం ఎంత పనో బేగంబజార్‌లో గిన్నెల మీద పేర్లు కొట్టేవాళ్లకు తెలుసు. శకారం గుండ్రంగా తిరగాలి, పైన గుడిదీర్ఘం నిలబడాలి, కింద క్రావడి జారిపోకుండా చుట్టుకోవాలి. చిన్న ఉలి, చిన్న సుత్తె, చుక్క పక్కన చుక్క. చెయ్యి రవ్వంత వణికితే చాలు, పెళ్లికూతురి పేరు కాస్తా ఇంకేదో అయిపోతుంది, పెళ్లివారు గిన్నె తెచ్చి మన ముందర పడేస్తారు. పొద్దున దుకాణంలో కూర్చోగానే మొదటి 'శ్రీ' కొట్టి చూసుకుంటాను. అది సరిగా వచ్చిందంటే ఆ రోజుకు నేను బాగున్నట్టే.

బాగున్నాను కాబట్టే ఇది రాస్తున్నాను. బాగాలేనప్పుడు రాసే చెయ్యి ఎక్కడిది? మా పాతబస్తీ జహనుమాలోనే నాలాంటివాళ్లు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నారు. వాళ్లింటి ఆడవాళ్లు బయట ఏమేం చెప్పి కప్పిపుచ్చుతున్నారో కూడా నాకు తెలుసు. మా అమ్మ కూడా అదే చేసింది. అది మంచీ చేసింది, చెడూ చేసింది.

నా జబ్బు కల్లు. ఈ మాట అనగానే చాలామంది నవ్వుతారు. కల్లు కూడా ఒక జబ్బేనా, మన తాతలు తాగలేదా అంటారు. తాగారు. వాళ్లు తాగింది చెట్టు కల్లు, మేం తాగింది కాంపౌండు కల్లు. పట్నంలో ఇన్ని సీసాలకు సరిపడా తాటిచెట్లు ఎక్కడున్నాయని మాలో ఒక్కరం కూడా అడిగిన పాపాన పోలేదు. నీళ్లలో ఇంత కల్లు, ఆ కల్లులో ఇంత మత్తుమందు. పని దిగి వచ్చేటప్పుడు నేనూ నర్సింగూ ఆ కల్లు సీసాలు అమ్మే కాంపౌండులో ఆగేవాళ్లం. నర్సింగ్ మా గల్లీవాడే, బేగంబజార్‌లో హమాలీ. నాకంటే చిన్నవాడు, అన్నా అన్నా అంటూ వెంటే ఉండేవాడు. ఇద్దరికీ కలిపి ఒకటే సైకిలు. పోయేటప్పుడు నేను తొక్కేవాణ్ణి. వచ్చేటప్పుడు ఎవరు తొక్కారో ఇద్దరికీ గుర్తుండేది కాదు.

మొదట్లో సాయంత్రాలే తాగేవాణ్ణి. పోను పోను పొద్దున కూడా పడితేగానీ చెయ్యి నిలబడేది కాదు. తాగితే చెయ్యి వణుకుతుందని లోకం అనుకుంటుంది. నాకు తాగకపోతే వణికేది. అందుకని పని కోసమే తాగుతున్నానని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఎంత బాధ్యత గల మనిషినో చూడండి. నా భార్య సుశీల అప్పటికే నాతో పోట్లాడటం మానేసింది. పోట్లాడే ఆడమనిషి ఊరుకుందంటే భయపడాలని నాకు అప్పుడు తెలియదు.

డెబ్భై ఎనిమిది ఎండాకాలంలో నా బామ్మర్ది పెళ్లికి ఇబ్రహీంపట్నం అవతల ఉన్న మా అత్తగారి ఊరికి పోయాం. ఆ ఊళ్లో కల్లుకు కొదవ లేదు. మా మామ అల్లుడొచ్చాడని చెట్టు మీది నుంచి దించిన కల్లు దించినట్టే పోయించాడు. కడుపు నిండా తాగాను. మరునాటికి చేతులు వణకడం మొదలైంది. ఇంకా తాగాను. ఆ మర్నాడు గోడ మీద చీమలు బారులు తీరి కనిపించాయి. నల్లచీమలు, గోడంతా. కాసేపటికి అవి మంచం మీద పడుకున్న నా బిడ్డ రాణి ఒంటి మీదికి ఎక్కుతున్నాయి. నేను వాటిని దులపడం మొదలుపెట్టాను. బిడ్డ ఏడుస్తున్నా ఆపలేదు, గట్టిగా ఇంకా గట్టిగా దులిపాను. సుశీల పరుగెత్తుకొచ్చి బిడ్డను లాక్కుంటే, చీమలున్నాయి చీమలున్నాయి అని అరిచానట. చీమలు లేవు. రాణి చేతుల మీద నా వేళ్ల అచ్చులు మాత్రం ఉన్నాయి. ఆ తర్వాత మూర్ఛ వచ్చి పడిపోయానని చెప్పారు, అది నాకు గుర్తులేదు. బిడ్డ నన్ను చూసి తల్లి మెడ వెనక దాక్కోవడం మాత్రం గుర్తుంది. నా జబ్బు మొత్తంలో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది అదే.

పెళ్లి పందిరి విప్పకముందే నన్ను పట్నం తెచ్చి దవాఖానలో చూపించారు. వాళ్లు చూసి పిచ్చి దవాఖానకు పంపారు. ఆ పేరు వినగానే మా అమ్మ అక్కడే కూలబడింది. మా వంశంలో ఎవరికీ లేదు సార్ అని ఆమె చీటీ రాసే మనిషిని కూడా బతిమాలింది. మా చుట్టుపక్కల ఆ దవాఖాన పేరు తిట్టుగా వాడతారు తప్ప చిరునామాగా వాడరు.

అక్కడి హాలులో పొడుగు బల్లలు ఉండేవి. నేను లోపల ఉన్నన్ని రోజులు అమ్మా సుశీలా ఆ బల్లల మీదే పొద్దు పుచ్చారు. లోపల నేను పడిన అవస్థ రాయను. రాసినా అది పడినవాళ్లకే అర్థమవుతుంది, పడనివాళ్లకు అక్కర్లేదు. బయట ఉన్నవాళ్ల సంగతి చెప్తాను. పక్క బల్ల మీద కూర్చునే నల్గొండ ఆవిడ ఒకామె, తన తమ్ముణ్ణి తెచ్చుకుందట, రోజూ రాణికి తలదువ్వి జడలు వేసేదట. ఎవరు, ఎందుకొచ్చారు అని ఒక్క మాట కూడా అడగలేదని సుశీల ఇప్పటికీ చెప్తుంది. ఆ హాలులో ఎవరూ ఎవర్నీ అడగరు. అందరి ఇంటి గుట్టూ ఒకటే కదా.

డాక్టరమ్మది కోస్తా వైపు. మాట మెత్తన, చూపు గట్టి. నేను కాస్త కుదురుకున్నాక ముగ్గుర్నీ కూర్చోబెట్టింది.

"ఇతన్ని పట్టుకుంది కల్లు కాదమ్మా, అందులో కలిపే మందు. అందుకే మీ ఊళ్లో మంచి కల్లు ఎంత తాగినా ఆగలేదు. మందు పడలేదు కాబట్టే చీమలు కనిపించాయి. ఇక్కడున్నన్నాళ్లూ మేం చూసుకుంటాం. బయటికెళ్లాక మీ వీధి చూసుకోవాలి. రమ్మని పిలిచేవాళ్లుంటారు. వద్దని ఆపేవాళ్లు ఉన్నారా మీకు?"

"మా గల్లీ మంచిదే డాక్టరమ్మా," అంది అమ్మ. ఆమె బుర్రలో అప్పటికే ఏదో తిరుగుతోందని నాకు తోచింది.

సుశీల మాత్రం డాక్టరమ్మ ముందే నాతో అంది. "ఒక్కటే మాట చెప్త, ఇను. ఇంకొక్కపారి గా కాంపౌండు గేటు దాటినవ్ అంటె, గా కల్లు నోట్లె పోసుకున్నవ్ అంటె, బిడ్డను తీస్కొని మా తల్లిగారింటికి పోత. మల్ల రాను. నువ్వొచ్చినా రాను." ఆమె గొంతు పెంచలేదు. అందుకే నాకు నిజమని తెలిసింది.

నేను చిక్కి సగమై ఇంటికి వచ్చాను. గల్లీ మొగదల్లోనే ఖాలా ఎదురైంది. ఖాలా మా పక్కింటి పెద్దావిడ, అసలు పేరు మెహరున్నిసా. గల్లీ మొత్తానికి ఖాలాయే, అంటే పిన్నమ్మ; అమ్మకు మాత్రం ఆపా, అక్క. ఎవరింట్లో ఏ పొయ్యి మీద ఏం ఉడుకుతోందో ఆమెకు తెలియాల్సిందే.

"అరె మల్లేశ్, ఏమైంది బేటా, ఇట్లయినవ్?"

నేను నోరు తెరిచేలోగా అమ్మ అందుకుంది. "పసిరికలు అయినయ్ ఆపా. మస్తు ముదిరినయట. దవాఖాన్ల పెట్టిన్రు."

పసిరికలంటే మా వైపు కామెర్లు. అమ్మ అబద్ధం ఆడితే అలాగే ఉంటుంది, గోడ కట్టినట్టు. పిచ్చి దవాఖాన అన్న మాట గల్లీలో పడకూడదు, అంతే ఆమెకు కావాల్సింది.

ఇక చూడండి. సాయంత్రానికి గల్లీకి గల్లీ మా ఇంట్లో ఉంది. ఒకరు ముల్లంగి తెచ్చారు, ఒకరు చెరుకురసం తెచ్చారు. ఖాలా తనకు తెలిసిన ఒకాయన దగ్గరికి నన్ను స్వయంగా రిక్షాలో తీసుకుపోయి ఆకుపసరు మింగించింది. వద్దంటే గుట్టు బయటపడుతుంది. లేని రోగానికి లోకంలో ఉన్న చేదంతా మింగాను. నూనె లేదు, కారం లేదు, చప్పిడి పత్యం. అమ్మ చెప్పిన అబద్ధానికి ఆమె కూడా కట్టుబడాల్సి వచ్చింది. ఒక రోజు చాటుగా రెండు మిరపకాయ బజ్జీలు ఇవ్వబోతే ఖాలా కిటికీలోంచి చూసి, "పరహేజ్ ల ఉన్నోనికి గవి పెడ్తున్నవా? కొడుకు మీద పానం లేదా నీకు?" అని అమ్మను నిలబెట్టి కడిగింది. పరహేజ్ అంటే వాళ్ల పత్యం. సుశీల లోపల నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వు విన్నాను.

నవ్వులాటగా చెప్తున్నాను గానీ, ఆ అబద్ధమే నన్ను కాపాడింది. పసిరికలవాడు కల్లు ముట్టుకుంటే చస్తాడని మా గల్లీలో పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకని నర్సింగ్ నన్ను పిలవడం మానేశాడు. సైకిలు ఒక్కడే తొక్కుకుంటూ పోయేవాడు. ఒక సాయంత్రం నా కాళ్లు నా మాట వినలేదు. ఒళ్లంతా పీకుతోంది, నాలుక పిడచకట్టుకుపోయింది. సరాసరి కాంపౌండు దాకా పోయాను. గేటు దగ్గర సీసాలు సర్దుతున్న ఆయన నన్ను చూసి అడ్డం నిలబడ్డాడు.

"పసిరికలట గదనే నీకు?"

"కొంచెమే, భాయ్."

"కొంచెమేంది, నీ పానం పోతె నా మెడకు సుట్టుకోమంటవా? తగ్గినంక రా, పో."

గేటు నేను దాటలేదు. నిజం చెప్పాలంటే దాటనివ్వలేదు. ఇంటికొచ్చి సుశీలకు చెప్పాను. "గాయన 'తగ్గినంక రా' అన్నడు. ఇన్నవా?" అంది.

విన్నాను. కానీ అందులో ఉన్న ముల్లు నాకు అప్పుడు గుచ్చుకోలేదు.

ఆమెకు ఆ అబద్ధం మొదటినుంచీ నచ్చలేదు. "అత్తమ్మా, పసిరికలు ఎన్నొద్దులుంటయ్? ఒక నెల, రెండు నెలలు. గా తర్వాత ఏం చెప్తవ్?" అని అడిగేది. "గప్పటి సంగతి గప్పుడు సూద్దాం," అనేది అమ్మ. మా దుకాణం యజమాని సేట్ మాత్రం ఏమీ అడగని మనిషి. నేను మళ్లీ దుకాణానికి పోతే, "హాత్ ఠీక్ హోనే దో," అని, చెయ్యి బాగుపడేదాకా గిన్నెలు కాగితాల్లో చుట్టే పని ఇచ్చాడు. నేను కూర్చునే చోట ఇంకొకణ్ణి కూర్చోబెట్టకుండా నా ఉలీ సుత్తే అలాగే ఉంచాడు. ఆయనకు చెప్పుకోలేనంత రుణపడి ఉన్నాను.

వానలు పడ్డాయి. నా ముఖం తేటపడింది, తిండి సయించింది. రాణి దూరదూరంగానే అయినా నాతో ఆడుతోంది. ఇక ఆషాఢం వచ్చింది. బోనాలు.

ఆ ఆదివారం పొద్దున ఖాలా నా కనురెప్పలు కిందికి లాగి చూసింది. "మాషా అల్లా, తెల్లగున్నయ్ కండ్లు. పసిరికలు పోయినయ్. ఇగ పరహేజ్ ఇడువు బేటా," అని గల్లీ అంతా వినేలా చెప్పింది. గల్లీ నిజంగా సంతోషపడింది. పసుపు నీళ్ల కుండలు, వేపమండలు, డప్పులు, ఆ సందడి మధ్యలో అందరూ నా వీపు తట్టేవాళ్లే. ఇంటి ముందర మూగి, పత్యం విడవడానికి ఎవరింట్లో ఏం వండాలని మాట్లాడుకుంటున్నారు. అప్పుడు వచ్చాడు నర్సింగ్, చేతిలో ఇత్తడి లోటా. అమ్మవారికి సాక పోయగా మిగిలిన కల్లు. నుదుటి నిండా పసుపు, కళ్ల నిండా నీళ్లు. నేను బతికానని వాడికి నిజంగానే అంత సంతోషం.

"అన్నా, నీ పేరు మీద మొక్కుకున్న. అమ్మోరి కల్లు. ఒక్క గుక్క. కాదనొద్దు."

కాంపౌండు నుంచి తెచ్చిందేనని వాసన చెప్పింది. ఇన్నాళ్లూ కల్లు కాదనడానికి పసిరికలు ఉన్నాయి. ఈ రోజు పసిరికలు పోయాయి. పైగా ప్రసాదం. అమ్మవారి ప్రసాదాన్ని కాదన్నవాణ్ణి మా గల్లీలో ఇంతవరకు చూడలేదు. అమ్మ వైపు చూశాను. ఆమె తల దించుకుంది, గోడ కట్టిన మనిషికే దారి లేదు. గడప దగ్గర సుశీల ఉంది. ఆమె నన్ను తేరిపార చూసి, బిడ్డను ఎత్తుకుని లోపలికి పోయింది. లోపల ట్రంకుపెట్టె ఈడ్చిన చప్పుడు వినిపించింది.

నోట్లో నీరు ఊరింది. సిగ్గుపడకుండా చెప్తున్నాను, నాకు ఆ లోటా కావాలనిపించింది. చేతిలోకి తీసుకున్నాను కూడా. కళ్లకద్దుకుని, నోటి దగ్గరికి తేకుండా గడప పక్కన నేల మీద పోసేశాను. సాక అంటే నేలకు పోసేదే కదా, అమ్మవారికి కోపం రాదనుకున్నాను.

"నర్సింగ్, నాకు పసిరికలు కాలే," అన్నాను. "ఎన్నడు కాలే. గీ కల్లుల కలిపే మందే నా రోగం. పిచ్చి దవాఖాన్ల ఉండొచ్చిన. నా బిడ్డ మీద చీమలున్నయని కొట్టినోణ్ణి. ఒక్క గుక్క పోసుకుంటె మల్ల ఆడికే పోత."

డప్పులు ఎక్కడో దూరంగా వినిపిస్తున్నాయి. నర్సింగ్ ఖాళీ లోటా అందుకుని, నా ముఖం చూడకుండా వెళ్లిపోయాడు. అమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది.

మొదట నోరు తెరిచింది ఖాలా. "దో మహినే మూలీ ఖిలాయీ మైఁ," అంది. రెండు నెలలు ముల్లంగి తినిపించాను కదరా అని. నన్ను తిడుతుందనుకున్నాను. కానీ ఆమె కోపం అమ్మ మీద. "పసిరికలని ఎందుకు చెప్పినవ్? పరహేజ్ అని ఒక్క మాట చెప్తే చాల్దా? కాయ్కు పరహేజ్, ఎన్ని దినాలు పరహేజ్ అని ఈ గల్లీల ఎవరన్న అడిగిన్రా ఎన్నడన్న?"

అది నిజం. అమ్మ పుట్టి పెరిగింది ఇక్కడే, అయినా ఆ సంగతి తోచలేదు. మా పాతబస్తీలో తినమని, తాగమని ప్రాణాలు తోడేస్తారు. చాయ్ వద్దంటే అలుగుతారు, పాన్ వద్దంటే శత్రుత్వం కట్టుకుంటారు. కానీ పరహేజ్ అంటే చాలు, చేతిలోది వెనక్కి తీసుకుంటారు. ఏం రోగమని అడగడం మర్యాద కాదు. ఎన్ని రోజులని అడగడం అంతకంటే మర్యాద కాదు. రోగానికి పేరు పెట్టి అమ్మ దానికి గడువు పెట్టింది. పేరు పెట్టకుండా ఉంటే గడువే ఉండేది కాదు.

జనం వెళ్లాక లోపలికి పోయాను. ట్రంకుపెట్టె మంచం మీద తెరిచి ఉంది. సుశీల అందులోంచి చీరలు తీసి మళ్లీ దండెం మీద వేస్తోంది. "ఇన్న," అంది, అంతే. నేను మూల కూర్చుని ఏడ్చాను. రాణి వచ్చి నా మోకాలి మీద చెయ్యి వేసింది. నాకు ఆ పండుగ చాలనిపించింది.

ఆ రోజు నుంచి మా గల్లీలో నాకు పరహేజ్. పెళ్లి విందులో నా విస్తరి వేరుగా ఏమీ వేయరు గానీ, గ్లాసులు తిరిగే మూలకు నన్ను ఎవరూ పిలవరు. బయటివాడెవడైనా పిలిస్తే, మల్లేశ్ కు పరహేజ్ అని నాకంటే ముందు పక్కవాడు చెప్తాడు. మందుల దుకాణం ఆయన కూడా, నిద్ర పట్టడం లేదని నేను ఒకసారి గోళీలు అడిగితే, "ఖాలాకు చెప్పనా?" అన్నాడు. వీళ్లు చేసింది పెద్ద పనేమీ కాదు. ఒక మనిషి వద్దంటే రెండోసారి అడగకుండా ఊరుకున్నారు. నాకైతే అంతకన్నా గొప్ప సాయం ఇంతవరకు ఎవరూ చేయలేదు. పిచ్చి దవాఖానకు పోయినవాడని వెనక చెప్పుకునేవాళ్లు లేకపోలేదు. చెప్పుకోనీ. పోయి వచ్చినందుకే కదా ఉన్నాను.

దసరా తర్వాత ఉలి పట్టాను. మొదట పాత రేకుల మీద, తర్వాత చెంచాల మీద, తర్వాత బిందెల మీద. సేట్ వచ్చి నా భుజం మీదుగా చూసి, "అబ్ ఆయా," ఇప్పుడు వచ్చింది అని పోయాడు.

ఒక్క నర్సింగ్ మాత్రం నాతో మాట్లాడలేదు. ప్రసాదం నేలపాలు చేశానని కోపమో, అంతమందిలో తాను చిన్నబోయానని సిగ్గో. బేగంబజార్‌లో ఎదురైతే బస్తా భుజం మార్చుకుని అటు చూసేవాడు. బస్తా మోసేటప్పుడు వాడి కాళ్లు తడబడటం నేను చూస్తూనే ఉన్నాను. పోయి ఏం చెప్పను? తాగే రోజుల్లో నాకు మాత్రం ఎవరు చెప్పలేదు, నేను విన్నానా?

మొన్న చలికాలంలో ఒక పొద్దున సుశీల వాకిట్లో ముగ్గు వేస్తుంటే నర్సింగ్ వచ్చి నిలబడ్డాడు. గొంగడి కప్పుకున్నాడు, లోపల చేతులు ఊగుతున్నాయి. నేను వేపపుల్లతో బయటికి వచ్చాను.

"అన్నా," అన్నాడు నేల చూస్తూ. "నాకు గూడ పసిరికలు అయినట్టున్నయ్."

వాడి కళ్లు చూశాను. ఎర్రగా ఉన్నాయి, పచ్చదనం జాడ లేదు. సుశీల ముగ్గు గిన్నె కింద పెట్టి లేచింది. కాంపౌండు దాకా నన్ను వెంటబెట్టుకు పోయినవాడని ఒకప్పుడు వాడి పేరెత్తితే మండిపడేది.

"పసిరికలని చెప్పకు నర్సన్నా, పరహేజ్ అని చెప్పు," అంది. ముగ్గు తొక్కకుండా పక్కనుంచి దారి చూపింది. "లోపలికి రా. చాయ్ తాగు. ఈయన నిన్ను డాక్టరమ్మ దగ్గరికి తోల్కపోతడు."

వాడు గడప లోపల కూర్చున్నాడు. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా చాయ్ ఒలుకుతోంది. నేను కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాను.

"ఎన్ని దినాలుండాలె అన్నా, గీ పరహేజ్ ల?" అని అడిగాడు.

"నాది ఇంక అయిపోలే," అన్నాను. "అయిపోయినంక చెప్త. తాగు."